సూపర్ హీరో నడుం

నా మొగుడి నడుం నలభై అంగుళాలు. ఆ సంగతి మొన్న శివరాత్రి దాకా నాకూ, గవరపాలెంలో చొక్కాలు కుట్టే దర్జీకీ తప్ప మూడో మనిషికి తెలీదు. శివరాత్రి వెళ్ళిన ఆదివారం నాడు చోడవరం రోడ్డులోని కల్యాణమండపంలో మైకు పెట్టి మరీ చదివారు. "నానాజీ. హైట్ ఆరు అడుగులు. చెస్ట్ నలభై నాలుగు. వెయిస్ట్ నలభై." నలభై అనగానే కుర్చీల్లో కూర్చున్న కాలేజీ కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. నేను వాళ్ళవైపు తిరిగి ఒక్క చూపు చూశాను. ముందు వరస నోరు మూసుకుంది. వెనక వరసకి నేను కనబడలేదు.

నా పేరు కాసులమ్మ. బెల్లం మార్కెట్టు గేటు పక్కన పొద్దున్న అయిదింటి నుంచి చోడి అంబలి, అదే రాగి జావ, అమ్ముతాను. నానాజీ అదే మార్కెట్లో కళాసీ. రైతులు తెచ్చిన బెల్లం దిమ్మలు బళ్ళ మీంచి దించడం, కాటా దగ్గరికి మొయ్యడం, అమ్ముడుపోయాక బస్తాలు లారీకెత్తడం, పన్నెండేళ్ళుగా ఇదే పని. నా అంబలి తాగి తాగి ఆ నడుం అంతైందని ఎవరైనా అంటే, అవును, అయింది. ఆ నడుం మీదే మా ఇల్లు నిలబడింది. అందులో దాచుకోవలసింది ఏమీ లేదు, కానీ మైకులో చదవాల్సింది కూడా ఏమీ లేదు.

ఈ గోలంతా ఒక సినిమా కోసం. సుప్రియ అని హైదరాబాదు డైరెక్టరమ్మ ఒకావిడ సూపర్ హీరో సినిమా తీస్తోంది. ఆమె కథలో హీరో మన అనకాపల్లి మార్కెట్లో బెల్లం మోసే కళాసీయేనట. ఒకనాడు వాడి మీద మెరుపు పడి ఎక్కడలేని బలం వస్తుంది, ఊరిని కాపాడతాడు. వేషానికి కొత్త ముఖం కావాలని, కళాసీల్లోనే వెతికితే బాగుంటుందని ఆమెకి తోచింది. విశాఖపట్నం నుంచి ధనరాజ్ అనే మనిషి వచ్చి మార్కెట్లో కాగితాలు పంచాడు. నటుల్ని ఏరి పెట్టడమే అతని ఉద్యోగం. అలా నూట నలభై మంది మగాళ్ళు చొక్కాలు విప్పి ఆ కల్యాణమండపంలో వరసగా నిలబడ్డారు. సంతలో ఎడ్లు కొనేవాడైనా పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించి చూస్తాడు. వీళ్ళు టేపు తప్ప ఇంకేమీ నమ్మలేదు.

ధనరాజ్ నానాజీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "ఫేస్ సూపర్. షోల్డర్స్ సూపర్. ఈ మధ్యలో సామానంతా మాత్రం తీసెయ్యాలన్నా" అంటూ చేతిలోని పెన్నుతో పొట్ట మీద తట్టాడు.

"ఆ సామాను మా ఇంట్లోది బాబూ. సెయ్యి తియ్యి" అన్నాను.

అతను తీశాడు. అప్పుడు సుప్రియ లేచి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, నెమ్మదైన మనిషి. నానాజీ పొట్ట వైపు చూడనే లేదు. ముఖంలోకి చాలాసేపు చూసి, "మీ ముఖం చాలా బాగుందండి. ఇలాంటి ముఖం దొరకడం కష్టం" అంది. అంతే. నా మొగుడు ఆ మాటకి పడిపోయాడు.

చివరికి ఇద్దర్ని ఉంచారు. ఒకడు నానాజీ. రెండోవాడు దేవ్ అని విశాఖలో బట్టల షాపుల ప్రకటనల్లో కనబడే మోడల్. నోరు విప్పితే ఇంగ్లీషే. పొట్ట మీద అప్పటికే సిక్స్ ప్యాక్ ఆరు గళ్ళు తేలి ఉన్నాయి. సుప్రియకి నానాజీ ముఖం కావాలి, మిగతావాళ్ళకి దేవ్ పొట్ట కావాలి. కాబట్టి నలభై రోజులు గడువు పెట్టారు. ఈలోగా నానాజీకి ఆ గళ్ళు వస్తే వేషం నానాజీది. రాకపోతే దేవ్ ది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నిలదీశాను. "మావా, ముప్పై మూడేళ్ళొచ్చి నీకీ ఏసాలేటి? బస్తాలెత్తుకునే ఒంటికి గళ్ళెందుకు?"

నానాజీ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మంచం మీద కూర్చుని తన పాదాల వైపు చూసుకుంటూ చెప్పాడు. "పన్నెండేళ్ళయినాది కాసులూ. రైతులకి నా ఈపు తెలుసు, యాపారులకి నా ఈపు తెలుసు. ఒరే పొడుగోడా అని ఎనకనుంచి పిలుత్తారు. నా మొకం సూసి ఇది బాగుందని సెప్పింది ఆ డైరెక్టరమ్మొక్కర్తే. ఒక్కసారి పెద్ద తెర మీద నా మొకం సూసుకోవాలనుంది. అంతకన్నా నాకేటీ అక్కర్నేదు."

"నాను సూడనేదేటి నీ మొకం?"

"నువ్వు సూసేది తిట్టడానికి గదే."

నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఇక వద్దని ఎలా అంటాను? సరే కానీ అన్నాను. అదే నేను చేసిన మొదటి తప్పు. రెండోది ఇంకా పెద్దది, అది కూడా చెప్తాను.

మర్నాటి నుంచి రింగు రోడ్డులో జిమ్ము నడిపే త్రినాథ్ మా ఇంటికి పెత్తందారు అయిపోయాడు. సినిమా వాళ్ళే అతన్ని కుదిర్చారు. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ఇనుము ఎత్తించేవాడు. అది నాకు పెద్ద వింతగా అనిపించలేదు, రోజంతా బరువులెత్తే మనిషి ఇంకో రెండు బరువులు ఎత్తితే ఏమైంది. అతను రాసిచ్చిన తిండి చూస్తేనే నా ఒళ్ళు మండింది. గుడ్డులో తెల్లసొన. నూనె లేకుండా ఉడకబెట్టిన కోడి. కీరా దోసకాయ. అన్నం పిడికెడు. బెల్లం లేదు, అంబలి అసలే లేదు.

"అంబలేటి సేసింది నిన్ను?" అని త్రినాథ్ ని అడిగాను.

"అక్కా, అంబలి తాగితే కడుపు ఉబ్బుతాది. స్క్రీన్ మీద బెలూన్ లాగ కనపడతాడు. ఇది సైన్సు" అన్నాడు.

పన్నెండేళ్ళు పొద్దున్నే నా చేతి మీదుగా మూడు చెంబులు తాగి పనిలోకి దిగిన మనిషి, మర్నాటి నుంచి నా బండి ముందునుంచి తల వంచుకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. పచ్చి ఉల్లిపాయ కొరుకుతూ చెంబు పట్టుకున్న కళాసీలంతా ఒక్కసారి ఆగి చూసేవాళ్ళు. "ఏటి బావా, అంబలితో పేచీ పడ్డావా, మా అప్పతో పేచీ పడ్డావా?" అని నన్ను అక్క వరసలో అప్ప అని పిలిచేవాడు ఒకడు. "పేచీ కాదురా, బావ హీరో అయిపోతన్నాడు, మన మురికి చెంబు ముట్టడు" అని ఇంకొకడు. నానాజీ నవ్వి ఊరుకునేవాడు. నాకే నవ్వు రాలేదు. నా చెంబు నేను చింతపండు పెట్టి తోముతాను.

ఉగాది ముందరి కొత్త అమావాస్య వచ్చింది. అనకాపల్లిలో నూకాలమ్మ పండగ నాడు కోడి కొయ్యని కొంప ఉండదు. నేను నాటుకోడి తెచ్చి, కొబ్బరీ గసగసాలూ నూరి, మసాలా దట్టించి వండాను. పండగ పూటైనా కరుగుతాడనుకున్నాను. నానాజీ పళ్ళెం ముందు కూర్చుని, ఒక గిన్నెతో మంచినీళ్ళు తెచ్చుకుని, కూరలోంచి ఒక్కో ముక్క తీసి ఆ నీళ్ళలో కడిగి తిన్నాడు. నేను వండిన కూరని కడుక్కుని తిన్నాడండీ. ఏ ఆడదైనా ఇది పడుతుందా? ఆ గిన్నె నీళ్ళు తీసుకెళ్ళి వీధిలో పారబోసి, నూకాలమ్మ తల్లీ, ఈ సినిమాని నువ్వే చూసుకో అని మొక్కుకున్నాను.

ఒళ్ళు మాత్రం మారింది. మారలేదని అబద్ధం చెప్పను. నడుం ముప్పై మూడుకి దిగింది. దవడలు తేలాయి, భుజాల కింద నరాలు కనబడ్డాయి. త్రినాథ్ రోజూ ఫోటో తీసి హైదరాబాదు పంపేవాడు. వీధిలో ఆడవాళ్ళు, నీ మొగుడు భలే తయారయ్యాడే అని నాతో అనేవారు. నేను పక్కన పడుకునే దాన్ని కదా, నాకు ఇంకో సంగతి తెలుసు. ఆయన చేతులు చల్లగా ఉండేవి. మెట్లెక్కితే ఆయాసపడేవాడు. పిలిస్తే రెండో పిలుపుకి గానీ పలికేవాడు కాదు.

ముప్పై మూడో రోజు మార్కెట్లో పడ్డాడు. లారీకి పలక వేసి బస్తాలు ఎక్కిస్తున్నారు. నానాజీ బస్తా వీపున వేసుకుని పలక మీద రెండడుగులు వేశాడు, మూడో అడుగుకి మోకాళ్ళు మడుచుకుపోయి కూలబడ్డాడు. బస్తా పక్కకి దొర్లింది కాబట్టి సరిపోయింది. ఎప్పుడూ వెక్కిరించే కళాసీలు ఆరోజు ఒక్కడూ నవ్వలేదు. మేస్త్రి పోతన్న, అరవై ఏళ్ళ మనిషి, వచ్చి జబ్బ పట్టుకుని లేపి, "నువ్వు అలగ కూకోరా అబ్బాయి. బస్తాల మూతులు కుట్టు సాలు" అని చేతికి దబ్బనం ఇచ్చాడు. ఆ దబ్బనం ముసలాళ్ళ పని. నానాజీ తల ఎత్తకుండా సాయంత్రం దాకా బస్తాలు కుట్టాడు.

ఇంటికొచ్చాక నేను ఆగలేదు. "బలంగా అగుపడ్డానికి ఉన్న బలం పోగొట్టుకుంటన్నావు. ఆ తెర మీద నిన్ను సూసినోళ్ళకి తెలుత్తాదా, నువ్వు బస్తా కింద కూలబడిపోయేవని?"

"ఇంకో వారమే" అన్నాడు.

"ఆ వారంలో నీకేటైనా అయితే?"

"ఇంతదూరం వచ్చేను కాసులూ. ఇప్పుడు మానేత్తే నాకు ఇటు బస్తా నేదు, అటు ఏసం నేదు."

ఆఖరి మూడు రోజుల కోసం త్రినాథ్ కొత్త కాగితం తెచ్చాడు. మొదటి రోజు నుంచే ఉప్పు బంద్. నీళ్ళు మొదటి రోజు నాలుగు గ్లాసులు, రెండో రోజు రెండు, మూడో రోజు పెదాలు తడుపుకోవడానికి మాత్రం. చర్మం కింద నీరంతా పోతే గళ్ళు స్పష్టంగా తేలతాయట. చొక్కా విప్పే సీనుకి ముందు సినిమాల్లో చాలామంది చేసేదే అన్నాడు. ఉగాది వెళ్ళిన వారం, తలుపు తీస్తే వడగాలి ముఖాన కొడుతోంది. ఆ ఎండలో మనిషికి నీళ్ళు వద్దంటాడు, ఉప్పు వద్దంటాడు.

ఉప్పు లేని తిండి నా వల్ల కాలేదు. పొద్దున్న అంబలిలో ఉప్పు తగ్గితే మధ్యాహ్నానికి కళాసీకి కాళ్ళు పీకుతాయని నా అనుభవం. చెమటోడ్చే మనిషికి మొదట పెట్టాల్సింది ఉప్పు అని మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అందుకని ఎవరికీ చెప్పకుండా, ఒలిచిన గుడ్లని కల్లుప్పు నీళ్ళలో గంటసేపు నానబెట్టి, తుడిచి, పళ్ళెంలో పెట్టాను. కోడిని కూడా ఉప్పునీళ్ళలోనే ఉడికించాను. త్రినాథ్ వచ్చి పళ్ళెం చూసి, శభాష్ అక్కా అని మెచ్చుకుని పోయాడు. నానాజీ మాట్లాడకుండా తిన్నాడు. నేను గెలిచాననుకున్నాను.

ఇదీ రెండో తప్పు. ఉప్పు తిన్నవాడికి నీళ్ళు కావాలని అంబలి అమ్మేదానికి ఒకరు చెప్పాలా? ఉప్పు నేను పెడుతున్నాను, నీళ్ళు వాళ్ళు ఆపుతున్నారు. మధ్యలో మనిషి ఎండిపోతున్నాడు. అది నాకు మూడో రోజు పొద్దున్న తెలిసింది. పెరట్లో స్నానం చేస్తూ నానాజీ నోటినిండా నీళ్ళు పట్టి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడి, మొత్తం ఉమ్మేశాడు. మింగలేదు. నేను తలుపు చాటునుంచి చూశాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే ఉప్పు వల్ల వేషం పోయిందన్న నింద నా మీద పడుతుందని భయపడ్డాను. అవును, నేనే. ఊరందరినీ నిలదీసే దాన్ని, నా మొగుడి ముందు నోరు పెగల్లేదు.

ఆఖరి పరీక్ష మార్కెట్టులోనే, ఆదివారం సెలవునాడు పెట్టారు. బెల్లం లేని షెడ్డులో పెద్ద దీపాలు, కెమెరా, గొడుగులు. సెలవైనా కళాసీలు డెబ్బై మంది దాకా వచ్చారు కాబట్టి నేనూ అంబలి క్యాను తెచ్చుకుని ఓ పక్కన కూర్చున్నాను. సీను ఏమిటంటే, చొక్కా చించుకున్న హీరో నిలువెత్తు బెల్లం దిమ్మల గుట్టని రెండు చేతుల మీద పైకి లేపాలి. ఆ దిమ్మలన్నీ థర్మకోలు. గోధుమరంగు పూసి భలేగా చేశారు, పోతన్న కూడా మొదట మోసపోయి వాసన చూశాడు.

దేవ్ తయారై ఓ కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నానాజీ చొక్కా విప్పి, ఒంటికి నూనె రాసుకుని దీపాల కిందకి వచ్చాడు. పెదాలు అట్టకట్టి చీలాయి. నడుస్తుంటే అడుగు తడబడింది. త్రినాథ్ దగ్గరికి వచ్చి బొడ్డు కింద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి చూశాడు. మళ్ళీ లాగాడు. అతని ముఖం మారిపోయింది.

"నీరు దిగలేదు. ఉప్పు తిన్నావు కదా నువ్వు?"



ధనరాజ్ అందుకున్నాడు. "నలభై రోజులు నీ కోసం ఆగాం అన్నా. మూడు రోజులు నోరు కట్టుకోలేకపోయావా? ఇంత మంది ముందు మమ్మల్ని వెధవల్ని చేశావు."

డెబ్బై మంది ముందు ఆ మాట అన్నాడు. నేను క్యాను వదిలేసి దీపాల మధ్యలోకి నడిచాను. ఎవరో వైరు తొక్కకమ్మా అన్నారు, తొక్కాను.

"ఆయన్ని అనకు. ఉప్పు ఏసింది నాను. గుడ్లలో ఏసేను, కోడిలో ఏసేను. ఆయనకి తెల్దు. అనాలంటే నన్ననండి."

"నాకు తెలుసు" అన్నాడు నానాజీ.

గొంతు ఎండిపోయి మాట గరగరలాడుతూ వచ్చింది. అందరూ అతనివైపు తిరిగారు.

"మొదటి గుడ్డు కొరికినప్పుడే తెలిసిపోనాది."

"తెలిసి ఎందుకు తిన్నావ్?" అన్నాడు త్రినాథ్.

"అది బయపడిపోతంది. నేను తింతే దాని మనసు కాత్త కుదుటపడతాదని తిన్నాను."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నాలుక పిడచకట్టుకుపోతుంటే నా ఉప్పు నోరెత్తకుండా తిన్నాడు ఈ మనిషి. ఒక్క మాట అంటే నేను మానేసేదాన్ని కదా. లేదా ఆ కాగితాన్ని చింపి పొయ్యిలో పెట్టి, చెంబుడు నీళ్ళు గొంతులో పోసేదాన్ని కదా. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నోరు మూసుకుని మనిషిని చావు దాకా తెచ్చుకున్నాం. కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే నిలబడ్డాను.

సుప్రియ కెమెరా వెనకనుంచి వచ్చింది. కోప్పడలేదు. "నానాజీ గారూ, ఇంకొక్క రోజు. రేపు మధ్యాహ్నం దాకా. ఉప్పు లేకుండా, నీళ్ళు లేకుండా. కెమెరాని నేను ఆపుతాను. నాకు ఈ ముఖమే కావాలి. వేషం మీదే" అంది. ధనరాజ్ ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

ఆమె నిజమే చెప్పింది. వేషం చేతిలో ఉంది. ఒక్క రోజు నోరు కట్టుకుంటే నా మొగుడి ముఖం ఆ పెద్ద తెర మీదకి వెళ్తుంది. వద్దు మావా అని అరవాలనిపించింది. కానీ నలభై రోజులు ఆయన పడిన పాటు నాది కాదు, కోరిక నాది కాదు. నేను నోరెత్తలేదు. నానాజీ నావైపు చూడలేదు కూడా.

"అమ్మా, ఒక మాట అడగొచ్చా?" అన్నాడు సుప్రియతో.

"అడగండి."

"మీ కతలో కళాసీ పొద్దున్న ఏటి తింతాడు?"

ఆమె అర్థం కానట్టు చూసింది. "అంటే?"

"బరువులెత్తుతాడు గదా. పనిలోకి దిగేముందు ఏటి తాగుతాడు, ఏటి తింతాడు?"

సుప్రియ చేతిలోని కాగితాల కట్ట వైపు చూసింది. రెండు పేజీలు తిప్పింది. "అది రాయలేదు" అంది.

ధనరాజ్ కల్పించుకున్నాడు. "అన్నా, అతను సూపర్ హీరో. తిండి గొడవ ఎందుకు? బలం మెరుపు నుంచి వస్తుంది."

"మెరుపు పడకముందు కూడా ఆడు బస్తాలెత్తేడు గద బాబూ. అప్పుడేటి తిన్నాడు?"

కళాసీల్లో ఒక గుసగుస బయల్దేరింది. నానాజీ అప్పుడు నావైపు తిరిగి, "కాసులూ, చెంబు తే" అన్నాడు.

కంగారులో సగం అంబలి నేల మీద పోశాను. నానాజీ మొదటి చెంబు ఊపిరి తీసుకోకుండా తాగాడు. రెండోది నెమ్మదిగా తాగాడు. మూడో చెంబుకి పోతన్న జేబులోంచి పచ్చి ఉల్లిపాయ తీసి ఇచ్చాడు. అది ఆయన జేబులో ఎందుకుందో నన్నడక్కండి. నూనె రాసిన ఒంటి మీద అంబలి చారలు కారుతుంటే, మేమందరం చూస్తుండగానే పొట్ట నిండింది. త్రినాథ్ నలభై రోజుల పని మూడు చెంబుల్లో కొట్టుకుపోయింది.

నానాజీ చెంబు నాకిచ్చి, మూతి తుడుచుకుని, దీపాల కింద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. "ఇప్పుడు తియ్యండమ్మా. కళాసీ ఇలగే ఉంతాడు."

సుప్రియ కెమెరాలోంచి చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ తల ఎత్తినప్పుడు కళ్ళు ఎర్రబడ్డాయి, ఆ మాట నేను అబద్ధం చెప్పను. "ఇలా కుదరదండి. ఎవరూ ఒప్పుకోరు" అంది.

"అయితే ఆడేటి తింతాడో రాసేక కబురెట్టండి. వత్తాను. ఈ మొకం ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంతాది."

గొంతు ఇంకా గరగరలాడుతూనే ఉంది గానీ ఆ మాట షెడ్డు చివరి దాకా వినబడింది. ఒకడు ఈల వేశాడు, పోతన్న వాణ్ణి కసిరాడు. నానాజీ చొక్కా తీసుకుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ ముఖంలో విచారం లేదని చెప్పను. పెద్ద తెర పోయింది, అది ఆయనకీ తెలుసు. అయినా తల మాత్రం దించలేదు. నాకు ఆ నిమిషంలో నా మొగుణ్ణి చూసి ఎంత గర్వమేసిందంటే, మైకు నా చేతికిచ్చి ఉంటే నలభై అంగుళాలని నేనే చదివేదాన్ని.

ధనరాజ్ చప్పట్లు కొట్టి, "ఓకే ఓకే. దేవ్, నువ్వు రా. షాట్ రెడీ" అని కేకేశాడు.

దేవ్ కుర్చీలోంచి లేచాడు. దీపాల వైపు కాకుండా నా వైపు వచ్చాడు. దగ్గరికొచ్చాక చూశాను, వాడి పెదాలు కూడా నానాజీ పెదాల్లాగే చీలి ఉన్నాయి, కళ్ళ కింద గుంటలు పడ్డాయి. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. అప్పటిదాకా వాడి నోట నేను ఒక్క తెలుగు ముక్క వినలేదు. క్యాను వైపు చూస్తూ గొంతు తగ్గించి అన్నాడు.

"అప్పా, నాకు కూడా కూసింత పొయ్యవా?"

"ఏ ఊరు బాబూ నీది?" అన్నాను.

"ఇక్కడే, నాతవరం అప్పా. మా అమ్మ పెట్టిన పేరు దేముడు. మూడు రోజులయినాది కడుపారా నీళ్ళు తాగి."

"దేవ్, నో. షాట్ ఉంది" అని వెనకనుంచి ధనరాజ్ అరుస్తున్నాడు. త్రినాథ్ పరిగెత్తుకొస్తుంటే నానాజీ, గుండీలు ఇంకా సగమే పెట్టుకున్నవాడు, అతనికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. తొయ్యలేదు, మాట్లాడలేదు, ఊరికే నిలబడ్డాడు. నేను చెంబు అంచుదాకా నింపి ఆ పిల్లాడి చేతుల్లో పెట్టాను. రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని తాగాడు. సగం తాగాక కళ్ళు తెరిచాడు.

"ఉప్పు సరిపోయిందా?" అని అడిగాను.

ఇంకాస్త వెయ్యమన్నాడు. వేశాను.